మందు అయిపోయింది

నేను షాద్‌నగర్‌లో మా అక్క కూతురు మణెమ్మ ఇంటికి వెళ్ళేసరికి ఆమె ఒక చేతిలో మందు పోసిన సీసా మూత, ఇంకో చేతిలో మనవడి చొక్కా పట్టుకొని నిలబడి ఉంది. చొక్కా ఒక్కటే ఉంది. మనవడు అందులోంచి జారిపోయి బీరువా వెనక దూరాడు. వాడికి రెండున్నరేళ్ళు, మూడు రోజులుగా జ్వరం. మా అక్క పోయి అప్పటికి నెల కాలేదు. నెల మాసికానికి రమ్మని మణెమ్మ కబురు పంపితే నేను రెండు రోజుల ముందే బస్సెక్కాను. ఎనభై దాటిన వయసులో ఒక్కడివే ఎందుకని నా కొడుకు అన్నాడు. ఎందుకో వాడికి చెప్పలేకపోయాను. అక్క ఉండగా ఆమెకు చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. దాన్ని కనీసం ఆమె బిడ్డకైనా చెప్పాలని బయల్దేరాను.

"వచ్చినవా మామా, కూసో. గీనికి మందు పోసేసరికి నా పానం పోతాంది" అని మణెమ్మ బీరువా వైపు తిరిగింది. "అరేయ్, గీ తాత ఎవరో ఎరుకేనా? నీ అంత ఉన్నప్పుడు నాకు కునైన్ మందు తాగిపిచ్చిండు. ఇసమంత శేదు. నేనేమన్న నీ లెక్క ఉరికిన్నా? గిన్నె పట్టుకొని నేనే తాత కాడికి పోయేదాన్నంట. మీ ముసలవ్వ చెప్పేది యాదికి లేదా? మా తమ్ముని చేతి మందుతోనే నువ్వు బతికినవ్ అనేది."

ఆ మాట నేను అరవై ఏళ్ళుగా వింటున్నాను. పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో, ఎవరి పిల్లకైనా జ్వరం వచ్చినప్పుడల్లా మా అక్క చెప్పేది. నేను తల వంచుకొని నవ్వేవాణ్ణి. దాన్ని అందరూ నా వినయం అనుకునేవారు.

మా ఊరు కొల్లాపురానికి మూడు కోసుల దూరం. ఎర్రనేల, రాళ్ళు, ఆముదపు చేలు. మా ఇంట్లో ఏడాది పొడుగునా ఆముదం వాసన ఉండేది. అవ్వ, అంటే మా నాయిన తల్లి, గింజలు వేయించి, దంచి, పెద్ద కుండలో నీళ్ళు పోసి వండేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి ముంతకెత్తేది. తలకు అదే, దీపానికి అదే, పిల్లల కడుపుకు అదే. ఆ నూనె పొగకు దూలాలు నల్లబడి ఉండేవి, అవ్వ చీర కొంగులో కూడా ఆ వాసనే. పిల్లలకు మందు పోయడం అవ్వకు ఒక పనిగా ఉండేది కాదు. రెండు కాళ్ళు చాపి గోడకు ఆనుకొని కూర్చునేది. పిల్లను కాళ్ళ సందున వెల్లకిలా పడుకోబెట్టి, పొడుగు ముక్కున్న ఇత్తడి ఉగ్గుగిన్నెను పెదవి మూలకు ఆనించి వంచేది. పిల్ల గుక్కపట్టి మింగకుండా ఆగితే ముఖం మీద 'ఫూ' అని ఒక్క ఊదు ఊదేది. పిల్ల ఉలిక్కిపడి మింగేసేది. తరువాత రెండు నిమిషాలు ఏడుపు, ఆపైన ఒక బెల్లం ముక్క. మా నాయిన, నేను, అక్క, అందరం ఆ కాళ్ళ సందున మింగినవాళ్ళమే.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. మహబూబ్‌నగర్‌లో ఉర్దూ చదువు ముగించి, కొలువు కోసం అర్జీలు పెట్టుకొని ఇంట్లో కూర్చున్న రోజులు. ఊళ్ళో ఎవరికి కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. చదివి చెప్పేవాణ్ణి. చదివినదానికి రెండు మాటలు నా సొంతానివి కలిపేవాణ్ణి కూడా. పిల్లలను కొట్టకూడదని, బలవంతం చేయకూడదని ఏదో పత్రికలో చదివాను. అది చదివిన రోజు నుంచి మా అవ్వ చేసే ప్రతి పనీ నాకు మోటుగా కనిపించసాగింది.

అక్క రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది, ఏడో నెల. వెంట రెండున్నరేళ్ళ మణి, ఇప్పటి ఈ మణెమ్మ. గుండ్రటి ముఖం, నుదుటి మీద ఎప్పుడూ చెదిరిన కాటుక బొట్టు, నా భుజం దిగని పిల్ల. వచ్చిన వారానికే ఆ పిల్లకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు, సరిగ్గా పగటి భోజనాల వేళకు గోళ్ళు నీలమయ్యేవి, పళ్ళు కొట్టుకునేవి. ఎన్ని బొంతలు కప్పినా ఆగని వణుకు, ఆ తరువాత కాలే ఒళ్ళు. అవ్వ కషాయాలు కాచింది. తగ్గలేదు. నేను కొల్లాపురం దవాఖానకు నడిచి వెళ్ళాను. సీసా మనమే తీసుకుపోవాలి. కంపౌండరు సాబు మా సీసాను కడిగి, మందు నింపి, ఒక సన్నని కాగితపు పట్టీని మడతపెట్టి కత్తెరతో పళ్ళుపళ్ళుగా కత్తిరించి సీసా పొడుగునా అంటించాడు. ఒక పన్ను నుంచి ఇంకో పన్ను దాకా ఒక మోతాదు. మొత్తం ఇరవై ఒకటి.

"పొద్దుగాల, పగటీలి, మాపటీలి. ఏడు దినాలు. జరం తగ్గిందని నడుమ ఆపేరు, మళ్ళ తిరగబెడతది" అన్నాడు. "చెవులు గుయ్యిమంటయి, ఫికర్ చెయ్యకుండ్రి. ఇంకో మాట. లడాయి నడుస్తాంది, కునైన్ దొరుకుతలేదు. ఒక్క బొట్టు గూడ పారబొయ్యకుండ్రి."

నేను ఆ సీసాను రుమాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాను.

మొదటి మోతాదు అవ్వ చేతిలోనే. మణి అప్పటిదాకా కషాయాలు మింగింది గానీ ఆ చేదును ఎరగదు. సగం మింగింది, సగం అవ్వ చీర మీద ఉమ్మింది. గిలగిలా తన్నుకుంటూ, నా వైపు చూస్తూ "మామా, మామా" అని పిలిచింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. "అట్ల నొక్కి పొయ్యొద్దవ్వా, పొరబోతే పానం మీదికొస్తది. సీస నాకియ్యి, నేను తాగిపిస్త" అన్నాను. అవ్వ నన్నొకసారి ఎగాదిగా చూసింది. "తాగిపియ్యి నాయినా. సదువుకున్నోనివి. ఏడ్సుడు లేకుంట మందు తాగిన పోరిని నేను గూడ సూస్త" అంది. అక్క బరువుగా గోడకు జారగిలబడి, "పోనియ్యే అవ్వా, వాడు దానికి నెనరైనోడు" అంది.

ఆ మాపటి మోతాదు ఎంత బతిమాలినా పిల్ల నోరు తెరవలేదు. బెల్లం చూపించాను, గుర్రమెక్కించాను. చివరికి "సూడు, మామ తాగుతాండు" అని ఒక గుటక నేను వేసుకున్నాను. ఆ చేదుకు నా ముఖం ఎట్లా వంకరపోయిందో గానీ, మణి పకపకా నవ్వింది. "మల్ల" అంది. ఇంకో గుటక వేశాను. మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఆమె నోట్లో ఒక చుక్క పోయగలిగాను, అంతే. గిన్నెలో కాస్త మిగిలింది. దాన్ని తిరిగి సీసాలో పోస్తే పట్టీ లెక్క తప్పుతుంది. పెరట్లో స్నానాల బండ పక్కన మురుగునీళ్ళు పోయే జాలారు దగ్గరికి పోయి ఒంపి, చెంబెడు నీళ్ళు కుమ్మరించాను. రేపు సరిగ్గా పోస్తాను, ఒక్క మోతాదే కదా అనుకున్నాను.

మరునాడు పొద్దున మణి తానే ఉగ్గుగిన్నె పట్టుకొని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆమెకు అది మందు కాదు. మామ తాగి ముఖం వంకర పెట్టే ఆట. ఇల్లంతా ఆ పరుగు చూసింది. "గిదేం సిత్రమే, పోరి తనంతల తానే పోతాంది" అని అవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. మా నాయిన నలుగురిలో నా సంగతి చెప్పుకున్నాడు. ఆ పొగడ్త నా తలకెక్కింది. ఇప్పుడు ఆ పిల్లను పట్టి నోట్లో మందు పోస్తే ఆమె నా దగ్గరికి రాదు, పరుగు ఆగిపోతుంది, అవ్వ నవ్వుతుంది. అందుకని ఒక గుటక నేను తాగేవాణ్ణి. పిల్ల నవ్వేది. మిగిలింది జాలారు పాలు. రోజుకు మూడుసార్లు. కంపౌండరు చెప్పినట్టే చెవులు గుయ్యిమన్నాయి. ఆమె చెవులు కాదు, నావి. ఆ వారమంతా ఎవరేం మాట్లాడినా నాకు ఆ హోరులోంచే వినిపించేది.

అక్క రోజూ పొద్దుగూకే ముందు సీసాను గడప దగ్గరి వెలుతురుకు ఎత్తి, కాగితపు పళ్ళ మీద బొటనవేలు జరుపుతూ లెక్క పెట్టుకునేది. ఆమెకు అక్షరం రాదు. ఆమె చదవగలిగిన కాగితం జీవితం మొత్తంలో అదొక్కటే. దాన్నే నేను అబద్ధం చేశాను.

మొదటి రోజు లోపలికి పోయిన ఆ కాస్త మందు బలమో ఏమో, జ్వరం ఆ వారమంతా రాలేదు. నా మనసు నాకు సర్దిచెప్పింది. తగ్గిపోయిందిగా, ఇక మందెందుకు అంది. సీసా అడుగంటింది. అక్క దాన్ని కడిగి ఉట్టి మీద పెట్టింది. తరువాత మూడో రోజు మణి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ వణకడం మొదలుపెట్టింది. ఈసారి జ్వరం దిగలేదు. పది రోజుల్లో పిల్ల కాళ్ళూ చేతులూ పుల్లలైనాయి. కడుపు మాత్రం ఎడమ పక్కన గట్టిగా, పలకలా ఉబ్బింది. అవ్వ నొక్కి చూసి చేయి తీసేసింది. దాన్ని మా వైపు బల్ల అంటారు. జ్వరం ముదిరి కడుపులో గడ్డ కడితే ఆ పేరు. బల్లకు మందు లేదని, సురుకులు పెడితేనే కరుగుతుందని అందరి నమ్మకం. పసుపుకొమ్మును ఆముదంలో ముంచి, దీపానికి కాల్చి, కడుపు మీద మూడు చోట్ల ఆనిస్తారు.

"సీస ఖాళీ అయింది, జరమైతే పోలే. గిది దవాఖాన మందుకు లొంగే జరం గాదు బిడ్డా" అంది అవ్వ. సురుకులు పెట్టే ముసలామె కోసం పక్క ఊరికి మనిషిని పంపారు.

ఆమె వచ్చి నట్టింట్లో దీపం ముందు కూర్చుంది. అక్క మణిని ఒళ్ళో వేసుకొని, దించుకొని, మళ్ళీ వేసుకొంది. తరువాత నా వైపు తిరిగింది. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. చెంపల మీద చెమట, పెదవుల మీద పొక్కులు.

"తమ్మీ, నాకేం సమజ్ అయితలేదు. నువ్వు సదువుకున్నోనివి, నువ్వు చెప్పు. మందు తాగిపిస్తిమి గదా. ఇంకేమన్న మందున్నదా, ఇగ సురుకులు పెట్టియ్యాల్నా?"

నేను ఒక్క మాట చెబితే చాలు. అక్కా, పిల్ల మందు తాగలేదు, నేను పారబోశాను, రేపు తెల్లవారేసరికి కొల్లాపురం పోయి కాళ్ళు పట్టుకొనైనా ఇంకో సీసా తెస్తాను, ఆ దీపం ఆర్పెయ్యి. అంతే. అవ్వ అక్కడే ఉంది, నాయిన గడపలో ఉన్నాడు, నా చేతి మహిమను విన్న ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఉన్నారు. నేను వాళ్ళ ముఖాలు చూశాను.

"మందైతే అయిపోయింది గదక్కా. ఇగ నీ ఇష్టం" అన్నాను.

అందులో అబద్ధమైన మాట ఒక్కటి కూడా లేదు. మందు అయిపోయింది. నిజమే. ఎట్లా అయిపోయిందో ఎవరూ అడగలేదు.

"తమ్మీ, కాళ్ళు పట్టుకో, నాతోని కాదు" అంది అక్క. నేను పట్టుకోలేదు. వాంతి వచ్చినవాడిలా నోటికి చేయి అడ్డం పెట్టుకొని పెరట్లోకి పోయాను. ఎండబెట్టిన ఆముదపు కాయల కుప్ప దగ్గర కూర్చున్నాను. ఆ ఎండకు కాయలు టప్పు టప్పున పగులుతున్నాయి. ఏడు నెలలు దాటిన మనిషి తన కడుపు మీద భారం వేసుకొని తన బిడ్డ కాళ్ళు తానే పట్టుకుంది. మూడు కేకలు వినిపించాయి. మూడో కేకలో "అమ్మా" లేదు. "మామా" ఉంది.

మరునాడు చీకటితోనే లేచి కొల్లాపురం పోయాను. కంపౌండరు నన్ను గుర్తుపట్టి, "ఏమైంది, తక్కువ కాలేదా?" అన్నాడు. "మందు అయిపోయింది సాబ్" అన్నాను. ఆ మాట నాకు అప్పటికే అలవాటైంది. ఆయన చాలాసేపు గొణిగి, సగం సీసా ఇచ్చాడు. దాన్ని అవ్వ చేతిలో పెట్టి, "ఈసారి నీ తీరుగనే పొయ్యవ్వా" అన్నాను. ఆ వారమే మహబూబ్‌నగర్ నుంచి కొలువు కబురు రావడంతో దాన్ని సాకు చేసుకొని వెళ్ళిపోయాను. అవ్వ రోజుకు మూడుసార్లు కాళ్ళు చాపి కూర్చొని ఆ పిల్లతో మందు మింగించింది. మణి బతికింది. సురుకుల వల్లనే అని అవ్వ అనేది. తమ్ముడు రెండోసారి నడిచిపోయి తెచ్చిన మందు వల్ల అని అక్క అనేది. నడక నాది, ఏడుపు భరించింది అవ్వ, పేరు మాత్రం నాకు వచ్చింది.

ఇంతటితో ఆగినా నా తప్పు కొంత తక్కువగా ఉండేది. తరువాత నేను బడి పంతులునయ్యాను. పిల్లలకు ఆరోగ్య సూత్రాలు చెప్పేవాణ్ణి. మణికి పదేళ్ళప్పుడు ఒక పండుగకు వెళ్ళి, ఆమె కడుపు మీద మూడు తెల్లని మచ్చలు చూసి, నలుగురి ముందు అక్కను మందలించాను. "ఎంత మోటు పని చేసినవక్కా. పసిపిల్లను కాలుస్తరా ఎవరన్న?" అన్నాను. నా గొంతులో నిజమైన కోపం ఉంది, అదే నాకిప్పటికీ అర్థం కానిది. అక్క గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు. "నాకేం ఎరుక తమ్మీ. సదువు లేనిదాన్ని" అంది.

ఆమె ఆ మాటను యాభై ఏళ్ళకు పైగా మోసింది. నేను మోయనిచ్చాను.

ఇదంతా మణెమ్మకు షాద్‌నగర్‌లో, ఆ బీరువా ముందు కూర్చొని చెప్పాను. రాసినంత వరసగా చెప్పలేదు. ముందు జాలారు సంగతి, తరువాత నా చెవుల హోరు, చివర్న ఆటగా పట్టుకొచ్చిన గిన్నె సంగతి. ఆమె అడ్డు రాలేదు. చేతిలోని ప్లాస్టిక్ మూతలో నారింజ రంగు మందు అట్లాగే ఉంది. బీరువా వెనక నుంచి మనవడు తల బయటపెట్టి మమ్మల్ని చూసి మళ్ళీ లోపలికి పోయాడు.

"అమ్మకు చెప్పినవా?" అంది ఆమె.

"లేదు."

"ఒక్కపాలి గూడ?"

"లేదమ్మా."

ఆమె కొంగు సర్దుకుంది. "ఆఖరి దినాల్ల అమ్మకు యాది తప్పింది మామా. నన్ను పక్కల పండవెట్టుకొని కడుపు మీద చెయ్యేసి తడిమేది. నిన్ను నేనే కాల్చిన బిడ్డా, నీ కాళ్ళు నేనే పట్టిన అనేది. నాకు గుర్తుకే లేదే, నాకేం నొప్పి లేదే అన్న గూడ ఇనకపోయేది." మూతను ఒలకకుండా నేల మీద పెట్టింది. "నాదేముంది. నేను బతికిన, నాకు యాదికే లేదు. అమ్మకు చెప్పేదుండె మామా."

ఆమె లేచి బీరువా వెనక చేయి పెట్టి మనవణ్ణి రెక్క పట్టి బయటికి లాగింది. నేల మీద కూర్చొని రెండు కాళ్ళు చాపి, వాణ్ణి కాళ్ళ సందున వెల్లకిలా వేసుకుంది. ఆ కూర్చోవడం ఎవరు నేర్పారో నాకు తెలుసు. పిల్లవాడు ఇల్లెగిరిపోయేలా అరుస్తూ నా వైపు చూశాడు.

"ఇగ లే మామా. కాళ్ళు పట్టుకో."

నేను కర్ర పక్కన పెట్టి మోకాళ్ళ మీద వంగాను. ఆ చిన్న పాదాలు రెండూ నా చేతుల్లో జ్వరంతో కాలుతున్నాయి. వాడు బలంగా తన్నాడు, నేను వదల్లేదు. మణెమ్మ మూతను పెదవి మూలకు ఆనించి వంచింది. వాడు నోట్లో మందు పెట్టుకొని గుక్కపట్టి ఆగాడు. ఆమె ముఖం మీద 'ఫూ' అని ఊదింది. గుటక పడింది.

"గంతే మామా" అంది నన్ను చూడకుండా. "గింత సేపు ఏడుస్తరు."

వాడు నిజంగానే అంతసేపే ఏడ్చాడు. ముక్కు తుడిపించుకొని, గది చుట్టూ ఒకసారి తిరిగి, ఎవరూ పిలవకుండానే నా దగ్గరికి వచ్చి ఒళ్ళో ఎక్కాడు. నా కళ్ళద్దాలు గుంజి తన ముక్కుకు పెట్టుకున్నాడు. వాడి నోటి నుంచి తీపి వాసన వస్తోంది. నేను ఏ కోపానికి భయపడి ఒక పసిదాన్ని చావు దాకా పోనిచ్చానో, ఆ కోపం వయసు ఇంతేనని తెలుసుకోవడానికి నాకు ఎనభై ఏళ్ళు దాటాలా?

మణెమ్మ మూత కడిగి బిగించింది. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి, బొటనవేలు ఆనించి, మందు ఎంతవరకు దిగిందో చూసుకుంది.